బనియన్ మీద క్లోమం

మా పడమటి మండలాల్లో మనిషి పొట్ట లోపలి సంగతి నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. డాక్టర్లను కూడా కలుపుకునే చెబుతున్నాను. సోమలలో, సదుంలో, బైరెడ్డిపల్లెలో, పుంగనూరులో, ఇక మా మదనపల్లె సరేసరి, వెయ్యి పొట్టలు విప్పినవాణ్ణి. కాలేయం ఏ పక్కకు వాలుతుందో, పేగు ఎన్ని మడతలు పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

వెయ్యి అన్నది కొంచెం ఎక్కువ. వంద ఉంటాయేమో. అవి కూడా గోడల మీద. నేను పెయింటర్ని. ఒకప్పుడు అంగళ్ళ బోర్డులు రాసేవాణ్ణి, లారీల వెనక తామరపూలు వేసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనంతా మింగేశాయి. బడిగోడ ఒక్కటే నాకు మిగిలింది. వరండాలో ఒక పక్క దేశపటం, ఇంకో పక్క నోరు మొదలు చివరిదాకా జీర్ణవ్యవస్థ. ఈ వయసులో కూడా నిచ్చెన ఎక్కకుండా గీయగలిగిన ఎత్తులో ఉంటుంది కాబట్టి పొట్టంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

గోడ మీద పొట్ట గీయడానికి మాలో ఒక పద్ధతి ఉంది. ముందు కడుపు సంచి. అది గుండ్రంగా, గులాబీ రంగులో, చూడగానే ఆకలి పుట్టేటట్టు ఉండాలి. దానికి కుడివైపు కాలేయం, ఇటుక రంగు. కింద పేగులు, ఓపికను బట్టి. అన్నీ అయ్యాక బాణం గుర్తులు వేసి పేర్లు రాయాలి. అక్కడ వస్తుంది చిక్కు. పుస్తకంలో క్లోమం అని ఒక పేరు ఉంటుంది. పేరు ఉంటే బాణం ఉండాలి. బాణం ఉంటే దాని మొనకు ఏదో ఒకటి తగలాలి. అందుకని కడుపు సంచి కింద చిన్న ఖాళీ చూసుకుని పసుపురంగు బ్రష్షుతో ఒక గీటు గీస్తాం. అదే క్లోమం. నాకు పని నేర్పిన మేస్త్రి అట్లాగే గీశాడు, ఆయన సాటివాళ్ళూ అట్లాగే గీశారు. ఆ గీటు పెద్దదిగా ఉండాలని ఏ హెడ్మాస్టరూ అడగలేదు.

అడిగినవాడు ఒక్కడే. మా బామ్మర్ది.

మా ఆవిడకు తమ్ముడు. పుంగనూరులో ఉంటాడు, పెళ్ళిళ్ళకు వంట మేస్త్రి. చుట్టుపక్కల ఏ కల్యాణమండపంలో పొయ్యి వెలిగినా దాని వెనక వాడుంటాడు. తూకం రాయి ముట్టడు. ఉప్పు పిడికిలితో, చింతపండు అరచేతితో, నీళ్ళు గంగాళంలోకి బెత్త దించి చూసి కొలుస్తాడు. బెత్త అంటే చేతి నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ నాలుగు వేళ్ళ మీద వాడికి ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఇక పాకం దగ్గర మాత్రం నాలుక. పాయసం గరిటెతో తీసి, అరచేతిలో వేసుకుని, నాకి, కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచేదాకా పెళ్ళివారంతా ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. పెళ్ళివారంతా కాదులెండి. పక్కన జీడిపప్పు వేయించేవాడు నిలబడతాడు.

ఆమధ్య వాడికి నడుము పైభాగాన నొప్పి వచ్చి మదనపల్లెలో స్కానింగ్ తీయించారు. నొప్పికి కారణం గంగాళాలు ఎత్తడమేనని తేలింది. కానీ ఆ స్కానింగ్‌లో అనుకోకుండా ఇంకొకటి కనిపించింది. క్లోమం తోక దగ్గర నీటితిత్తిలాంటి గడ్డ. కుప్పంలో పెద్ద సర్జన్ దగ్గరికి పంపారు. ఆయన చూసి, ఇప్పటికి చెడ్డ గడ్డలా లేదు, వదిలేస్తే ఎప్పుడు చెడ్డదవుతుందో చెప్పలేం, తోక భాగం కోసి తీసేస్తే మంచిది, ఆలస్యం చేయొద్దు అన్నాడట. వీడు తల ఊపి వచ్చాడు. మరుసటి రోజు ఇంటి పక్కనున్న బడికి పోయి, వరండాలో నేను గీసిన బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి మంచం మీద పడుకుని, ఆపరేషన్ చేయించుకోనని చెప్పేశాడు.

వాడి భార్య మా ఆవిడకు ఫోన్ చేసింది. మా ఆవిడ ఫోన్ పెట్టేసి నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, వాడు ఆపరేషన్ వద్దంటాండాడంట. నీ బొమ్మ సూసొచ్చి పడుకున్నాడంట. ఏం గీసినావు ఆడ?"

"మనిషిని గీసినా."

"మనిషిని సూసి మనిషి యాల బయపడతాడు? పో, పోయి నువ్వే సెప్పుకో. వాన్ని కుప్పానికి తోడుకొనిపోయి మళ్ళీ ఇంటికి తెచ్చేదాకా ఈ ఇంట్లో నీకు కాఫీ ల్యా."

కాఫీ సంగతి ఆవిడ అనలేదు. నేనే కలిపాను. ఆవిడ అసలు ఏమీ బెదిరించలేదు. తమ్ముడి పేరు చెప్పి ఏడ్చింది. అది చూసే పుంగనూరు బస్సెక్కాను.

సాయంత్రం బడి వదిలేశాక వాణ్ణి లేపుకుని వరండాకు పోయాను. వాడు నేరుగా ముందుకు పోయి నా బొమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ళ కింద నా క్లోమం మొత్తం మాయమైపోయింది. బాణం మొన మాత్రం చిటికెనవేలి పక్కన కనబడుతోంది.

"సూడు బావా. బెత్తెడు కూడా ల్యా. దీనికి తలకాయంట, నడుమంట, తోకంట. ఆ డాక్టరు తోక కోసేస్తానంటాండాడు. కోసినాక మిగిలేదేంది? పోపుగింజ."

"ఇది బొమ్మ కదప్పా. లోపల పెద్దగా ఉంటాది."

"బొమ్మలో మనిషి నాకన్నా జానెడు ఎత్తుండాడు. వానికే ఇంతుంటే నాకు ఇంకెంతుంటాది?"

లెక్క ప్రకారం వాడు చెప్పింది సరిగ్గా ఉంది.

వాడు వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "షుగరు రాకుండా సూసేది ఇదే అంట గదా. ఇది పాయ, షుగరొచ్చె. మా నాయనకొచ్చి యేమాయనో నువ్వూ సూస్తివి. కాలు పోయినా కూసోని వంట సెప్పినాడు. నాలిక మీద తీపి పెట్టుకోగూడదనేసరికి మంచం పట్టినాడు. రుచి సూడనోడు వంట మేస్త్రి ఎట్లయితాడు బావా? ఇట్లనే ఉంటా. ఉన్నన్నాళ్ళు ఉంటా."

వాడి నాయన నాకు మామ. ఆ మంచం నేనూ చూశాను. అందుకే వాడి భయాన్ని తీసిపారేయలేకపోయాను. అట్లాంటప్పుడు నా నోరు ఊరుకోదు.

"నేను కళ్ళారా చూసినానురా. ఒక వైద్య కళాశాలలో శరీరాలు కోసే హాల్లోకి పోయి, చేత్తో ఎత్తి మరీ చూసినా. ఇంత పొడుగుంటాది."

"ఏ రంగు?"

"పసుపు."

"ఏ పసుపు? పచ్చిపసుపా, ఎండుపసుపా?"

"నీ పాయసం రంగు."

వాడు నా మొహంలోకి చూశాడు. "నువ్వు సూడలేదు బావా."

చూడలేదు. గదులకు పేర్లు రాయడానికి పోయి ఆ హాలు తలుపు మీద అక్షరాలు రాసి వచ్చాను. లోపలినుంచి వాసన మాత్రం తగిలింది.

మదనపల్లెకు తిరిగొచ్చి, మిషన్ కాంపౌండు వెనక వీధిలో ఉండే ఒక సిస్టరమ్మ ఇంటికి పోయాను. ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ వాకిలి పైన బైబిల్ వాక్యం రాసింది నేనే కాబట్టి చనువు. సంగతంతా విని ఆమె నవ్వలేదు. లోపలికి పోయి పాత పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. ఆ బొమ్మలో కడుపు సంచిని పైకి మడిచి పెట్టారు. దాని కింద, నేను యాభయ్యేళ్ళుగా గోడల మీద గీటు గీసి వదిలేసినది, అడ్డంగా ఈ కొసనుంచి ఆ కొసదాకా పరుచుకుని ఉంది.

"అది కడుపు సంచి వెనకాల, వెన్నెముకకు ముందర ఉంటుందప్పా. సంచి ఎత్తితేగానీ కనపడదు. నువ్వు మూత తీయకుండా కూర గీసినావు."

తర్వాత తన చేతిని బొడ్డుకు పైన అడ్డంగా పెట్టుకుని చెప్పుకుంటూ పోయింది. పొడవు రెండు బెత్తెలు. తల మన కుడివైపు. చిన్నపేగు కడుపులోంచి బయటపడగానే గుర్రపు లాడంలాగా వంగుతుంది, ఆ లాడం మధ్యలో తల ఒదిగి కూర్చుంటుంది. తల కింది అంచు కొక్కెంలాగా వెనక్కి మళ్ళి పెద్ద రక్తనాళాలను పట్టుకుని ఉంటుంది. తల తర్వాత సన్నటి మెడ, ఆ తర్వాత వెన్నెముక మీదుగా దాటిపోయే నడుము, చివరికి తోక. తోక ఎడమవైపు పక్కటెముకల కిందికి పోయి ప్లీహాన్ని ముట్టుకుంటుంది. ప్లీహానికి పోయే రక్తనాళాలు దీన్ని అంటిపెట్టుకునే పోతాయి. అందుకే తోక తీసేటప్పుడు చాలాసార్లు ప్లీహం కూడా వచ్చేస్తుంది. క్లోమం లోపల ఈ కొసనుంచి ఆ కొసకు ఒక గొట్టం, తోక దగ్గర మొదలై, దారిపొడవునా చిన్న చిన్న పాయలను కలుపుకుంటూ తలలోకి వస్తుంది. అక్కడ పైత్యరసం తెచ్చే గొట్టంతో కలిసి పేగులోకి తెరుచుకుంటుంది.

"రంగు?" అని అడిగాను.

"గులాబీ కలిసిన పసుపు. పైన బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. మెత్తన. కుట్టువేసి దారం లాగితే వెన్నలాగా తెగుతుంది. దాని దగ్గరికొచ్చేసరికి ఎంత పెద్ద సర్జనైనా మాటలు ఆపేసేవాడు."

మాంసాన్ని అరగించే రసం అందులోనే తయారవుతుంటే, అది తనను తాను ఎందుకు అరగించుకోదని అడిగాను. ఆ రసం పేగులోకి పోయాకే నిద్ర లేస్తుందట. నాకు సున్నపురాళ్ళు గుర్తొచ్చాయి. గంపలో ఉన్నంతసేపు చల్లగా పడి ఉంటాయి. తొట్లో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతాయి. ఈ మాట చెబితే సిస్టరమ్మ తన జీవితంలో ఇంత మంచి పోలిక వినలేదని అంది. అనలేదు. టీ తాగమంది.

లేచేముందు అసలు సంగతి అడిగాను. షుగరు.

"షుగరును అదుపులో పెట్టే కణాలు అందులో అక్కడక్కడా చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. తోక పోయినా తక్కినవి పని చేస్తాయి. చాలామందికి చాలుతుంది, కొంతమందికి చాలదు. రావచ్చు, రాకపోవచ్చు. ముందుగా ఎవరూ చెప్పలేరు." పుస్తకం మూసి, "నువ్వు కూడా చెప్పొద్దు," అంది.

రంగుల డబ్బాలతో మళ్ళీ పుంగనూరు పోయాను. బడిగోడ మీది బొమ్మ చెరిపి కొత్తది గీసి చూపిద్దామనుకున్నాను. బామ్మర్ది ఒప్పుకోలేదు.

"గోడమింద మనిషి వేరే, నేను వేరే బావా. వానికి నువ్వు ఎంత పెద్దది గీసినా నాకేం లాభం?"

"అయితే నీమిందే గీస్తా. పండుకో."

కూరగాయలు తరిగే బల్ల మీద వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాను. వాడి భార్య వచ్చి చూసి, "వొంటిమింద వద్దన్నా, తోముకోలేక సస్తాడు," అని పాత బనియన్ ఒకటి తెచ్చింది. అది తొడిగించి, చీరలకు పూలు వేసే రంగులు తీశాను. బొడ్డు దగ్గర ఒక చుక్క, పక్కటెముకల అంచుకు ఒక గీత. బ్రష్షు తగిలినప్పుడల్లా వాడు మెలికలు తిరుగుతున్నాడు.

"కదలగాకరా, కాలేయం పేగులో పడతాది."

"సక్కలిగిలి బావా. నీ సెయ్యి వొణుకుతాండాది, దానికేమంటావు?"

వణకడం నిజమే. ఎన్నేళ్ళనుంచో నా చెయ్యి వణుకుతోంది. బ్రష్షు గోడకు ఆనుకున్నాక తెలియదు, మనిషి ఊపిరి మీద తెలుస్తుంది. కడుపు సంచిని చుక్కల గీతతో పైకి మడిచి గీశాను. లాడంలాగా పేగు వేశాను. ఆ తర్వాత వాడి బెత్తతోనే రెండు బెత్తెలు కొలిచి, తల లావుగా, తోక సన్నగా క్లోమం వేశాను. గులాబీ కలిపిన పసుపు, మీద బుడిపెలు, మధ్యలో గొట్టం. స్కానింగ్ కాగితంలో చూపించిన చోట గడ్డ, సర్జన్ కోస్తానన్నంత మేరా ఆకుపచ్చ. చివర ప్లీహం, వంకాయ రంగు.

రంగు ఆరేదాకా ఆగి వాడు లేచి అద్దం ముందు నిలబడ్డాడు. చెయ్యి పెట్టి కొలిచాడు. ఆకుపచ్చ మూడు వేళ్ళు. మిగిలింది అయిదు.

"ఇది మిరపకాయ బజ్జీ గదా బావా."

నేను చూశాను. పొడవు అదే, రంగు అదే, పైన బుడిపెలు అవే, ఒక కొస లావు ఒక కొస సన్నం. లోపలి గొట్టం పిండి మధ్యలో మిరపకాయలాగా ఈ చివరినుంచి ఆ చివరికి. ఇన్నేళ్ళ పెయింటింగులో నాకు తట్టని మాట వాడు ఒక్క చూపులో అనేశాడు. దాన్ని నా మాటగా చాలామందికి చెప్పుకున్నాను. ఇక్కడ మాత్రం వాడిదేనని రాస్తున్నాను.

"రసం ఎటునుంచి ఎటు పోతాది?" అని అడిగాడు.

"తోకనుంచి తలకు. దారిలో అన్ని చోట్లా ఊరతా వస్తాది."

"అంటే మన మండపం కాలువ మాదిరి. చివరి తొట్టి మూసేసినా తక్కిన తొట్లనుంచి నీళ్ళు పోతాయి. మోరీ నోరు బాగుంటే సాలు." ఆకుపచ్చ మీద మళ్ళీ మూడు వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. అప్పుడు అడిగాడు. "షుగరు రాదు గదా బావా?"

వంటింటి గడపలో వాడి భార్య నిలబడి ఉంది. నా నాలుక చివరిదాకా వచ్చేసింది, రానే రాదు, నాదీ పూచీ అని. అట్లాంటి పూచీలు నేను జీవితంలో ఎన్ని ఇచ్చానో నాకే తెలియదు. వాన వచ్చినా రంగు పోదని చెప్పి సదుంలో ఒక గుడిగోడే వేసినవాణ్ణి.

"రావచ్చు," అన్నాను. "రాకపోవచ్చు. నాకు తెలీదు."

వాడు అద్దంలోంచి నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పను, చెబితే పెంచి చెబుతాను.

"అక్కా సెల్లెళ్ళు, అన్నాదమ్ములు అందరూ రాదనే సెప్పినారు," అన్నాడు నిదానంగా. "నువ్వొక్కడివే తెలీదంటాండావు. నువ్వే రాదని సెప్పలేదంటే, తక్కినదంతా నిజమే అయ్యుండాల." బనియన్ మీద ఎండిన ఆకుపచ్చను గోటితో గీరాడు. "కుప్పానికి ఎప్పుడు పోదాం?"

పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాం. ఆసుపత్రిలో వాడు పరీక్షబల్ల మీద పడుకుని చొక్కా గుండీలు విప్పేదాకా ఆ బనియన్ వేసుకొచ్చాడని నాకు తెలియదు. సర్జన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పక్కనున్న కుర్ర డాక్టర్లందరూ మూగారు. సర్జన్ నా వైపు తిరిగి, అయ్యా, మీరు మా కళాశాలకు వచ్చి అనాటమీ పాఠం చెప్పాలి అని రెండు చేతులూ జోడించాడు.

జోడించలేదు. "ఎవరు వేశారిది?" అన్నాడు. నేను చెయ్యెత్తాను. వంగి ఓపిగ్గా చూసి, "తల ఇంకొంచెం కిందికి దిగాలి. ప్లీహం ఇంత ముందుకు రాదు, వీపు వైపు ఉంటుంది. తక్కినది పరవాలేదు," అన్నాడు. తర్వాత వాడితో, "గడ్డ తల దగ్గరుంటే పని చాలా పెద్దది. అప్పుడు పేగూ పైత్యనాళమూ అన్నీ విప్పి మళ్ళీ కలపాలి. మీది తోకలో ఉంది. రైలుకు చివరి పెట్టె విప్పినట్టు. భయం లేదని చెప్పను, భయపడాల్సినంత లేదు," అన్నాడు. వాడు ఆయన మాట వింటూనే నా వైపు చూసి తలాడించాడు. ఆయనా నేనూ ఒకే మాట చెప్పామని దాని అర్థం. పరవాలేదు అన్న మాటను నేను ఇప్పటికీ బిరుదులాగా మోస్తున్నాను.

ఆపరేషన్ రోజు బనియన్ విప్పించి ఒక కవర్లో పెట్టి నాకిచ్చారు. థియేటర్ బయట బెంచీ మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన వాడి భార్య. కవరు లోపల ఆకుపచ్చ భాగం పైకి వచ్చేటట్టు మడతపడి ఉంది. లోపల వాళ్ళు ఇప్పుడు ఏ గీత దగ్గరున్నారో అని వేలితో తడుముతూ కూర్చున్నాను. మెడ దాటి ఉండరు. నడుము మీద ఉంటారు. అక్కడే కుట్టు పడాలి. వెన్నలాగా తెగుతుందన్న మాట గుర్తొచ్చి వేలు తీసేశాను.

సర్జన్ బయటికొచ్చి, అయిపోయింది, తోకా ప్లీహమూ తీశాం, బాగున్నాడు అన్నాడు. డొక్కలోంచి బయటికి పెట్టిన గొట్టంలో క్లోమరసం కారుతోందేమోనని కొన్నాళ్ళు పరీక్షలు చేశారు. కారలేదు. గడ్డ పరీక్ష కూడా వచ్చింది. చెడ్డది కాదు. ప్లీహం లేనివాడు కాబట్టి జ్వరమొస్తే ఇంట్లో కూర్చోకుండా పరుగెత్తుకుని రమ్మని మరీ మరీ చెప్పి పంపారు.

షుగరు సంగతి. వచ్చింది అనడానికి లేదు, రాలేదు అనడానికీ లేదు. గట్టు మీద నిలబడి ఉంది. వాడు వేలు పొడుచుకుని చూసుకుంటాడు, అన్నం తగ్గించి రాగిసంగటి తింటాడు. పాయసం ఇదివరకులాగా అరచేతిలో పోసుకోడు. గరిటె అంచుకు చూపుడువేలు ఆనించి, ఆ వేలిని నాలుకకు తాకించి, కళ్ళు మూసుకుంటాడు. మొన్న సోమలలో ఒక పెళ్ళికి పోయి చూశాను. కళ్ళు తెరవడానికి ఇదివరకటికన్నా ఎక్కువసేపు పట్టింది. తెరిచి, "ఇంకొంచెం బెల్లం," అన్నాడు.

బడిగోడ కూడా మార్చాను. హెడ్మాస్టరమ్మను అడిగి పాత పొట్ట మీద సున్నం కొట్టి, కడుపు సంచిని ఎత్తిపెట్టి, క్లోమం పూర్తిగా కనపడేటట్టు వేశాను. ఈసారి బాణానికి చోటు వెతుక్కోవలసిన పని రాలేదు. సాయంత్రం బామ్మర్ది వచ్చాడు. గోడ మీద మనిషికీ తనకూ ఉన్న ఎత్తు తేడా కంటితో చూసుకుని, నోట్లో ఏదో లెక్కవేసుకుని, తలనుంచి తోకదాకా బెత్త మీద బెత్త పెట్టి కొలిచాడు.

"బావా, రొండు వేళ్ళు ఎక్కువుండాది."

"వేసేటప్పుడు సరిగ్గానే ఉండింది. ఎండకు సాగింటాది."

"రంగు సాగతాదా?"

సాగదు. తోక దగ్గర నేనే లాగాను. చెరపమంటాడేమోనని బ్రష్షు చేతిలోకి తీసుకుని నిలబడ్డాను. వాడు ఇంకోసారి కొలిచి, ఆ తోక మీద అరచెయ్యి అట్లాగే ఉంచి, "ఉండనీలే," అన్నాడు.